గని గోడ యేల కూలును? – అపోహలు, వాస్తవాలు

ఓపెన్‌కాస్ట్ గనుల చెంత నివసించు జనులలో, బ్లాస్టింగ్ ఎంత బిగ్గరగా మ్రోగిన రాయి యంత చక్కగా పగులునను నమ్మిక బలముగా నాటుకొనియున్నది. నిజమునకు, శిలను చీల్చుటకు వినియోగపడవలసిన శక్తి వ్యర్థముగా గాలిలో కలిసిపోయినదనుటకే ఆ చెవులదరు ధ్వని నిదర్శనము.

అట్లే, ఒక దినమున వాడిన పేలుడు మందు మొత్తమునుబట్టియే ఊరి యిండ్లు అదరునని పలువురు తలంతురు. నేడు మందు కూరిన రంధ్రములనన్నిటిని ఒక్కుమ్మడిగా గాక, సెకనులో వేయింట పాతిక వంతు వంటి స్వల్పవ్యవధానములతో ఒకదానివెంట నొకటిగా పేల్చుచున్నారు. కావున కంపమును ప్రధానముగా నిర్ణయించునవి ఒక్క తడవకు పేలు మందును, ఇంటికి గల దూరమును, నడుమనున్న నేల స్వభావమును. తక్కువ పౌనఃపున్యము గల కంపము కట్టడములకు అధికహానికరము గనుక, గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997 నాటి సర్క్యులర్‌లో, 8 హెర్ట్జ్‌ల లోపు కంపము గ్రామస్థుల యిండ్ల యొద్ద సెకనుకు 5 మిల్లీమీటర్ల వేగమును మించరాదని విధించినది.

రాయి గట్టిదైనచో గోడయు గట్టిదే యను తలపు మఱింత ప్రమాదకరము. ఎంతటి కఠినశిలయైనను, దానిలోని పొరలును బీటలును గనివైపు వాలియున్న యెడల, పై భారమంతయు ఆ తలముల మీదుగనే జారజూచును. వర్షజలము ఆ సందులలో నిండి లోనుండి ఒత్తినపుడు, పొరను పొరకు అదిమిపట్టు బలము తగ్గి ఘర్షణ సన్నగిల్లును. కనుకనే గోడలోనికి రంధ్రములు తొలిచి నీటిని వెలికి పాఱించుట ముఖ్యరక్షణ. ఇందు బ్లాస్టింగునకు దోషమే లేదనరాదు: తుది వరుసలో మందు మితిమీరినచో వెనుకనున్న గోడయు సడలును. దీనిని నివారించుటకే గని తుది సరిహద్దు వెంబడి దగ్గరదగ్గరగా రంధ్రములు వేసి, కొలదిగా మందు కూరి, ప్రధాన బ్లాస్టింగునకు ముందే పేల్చి సన్నని చీలికను ఏర్పఱుతురు. పిమ్మటి పెద్ద పేలుడు వాయువులు ఆ చీలికను దాటి గోడలోనికి అంతగా చొరబడజాలవు. ‘ప్రీ-స్ప్లిట్’ అను ఈ పద్ధతికగు వ్యయమును చూచి వెనుదీయు యాజమాన్యములు, ఆ గోడ క్రింద మెట్టుపై (బెంచీపై) పనిచేయు మనిషిని తలచుకొనవలెను.

గోడ చెప్పకయే కూలునను నిరాశయు తగదు. అమెరికాలోని యూటా రాష్ట్రమున, బింగ్‌హామ్ కాన్యన్ రాగి గనిలో 2013 ఏప్రిల్ 10 రాత్రి, సుమారు గంటన్నర యెడముతో రెండు మాఱులుగా 14 కోట్ల టన్నులకు మించిన శిల గని యడుగునకు జారినది. ఐనను ఒక్క ప్రాణమైనను పోలేదు. ర్యాడార్లును ఇతర సాధనములును వారముల ముందునుండియే కదలికను పసిగట్టగా, దాని వేగము హెచ్చుటను గమనించిన యింజనీర్లు మనుషులను సకాలమున తరలించిరి.

త్రవ్విపోసిన మట్టిదిబ్బ నిరపాయమని తలంచుట మఱియొక పొరపాటు. జార్ఖండ్‌లోని లాల్‌మటియా గనిలో 2016 డిసెంబరు 29న 23 మందిని బలిగొన్నది అట్టి దిబ్బ జారుటయే. వదులుమట్టికి రాతిపాటి పట్టు లేదు. దాని యెత్తును, వాలును, అడుగున నిలుచు నీటిని గోడ విషయమున వలెనే అనుదినము కొలిచి చూడవలసియున్నది.