స్టెతస్కోపుకు అందని గుండె జబ్బు.. ఎకోతో ముందే గుర్తించే వీలు

భిలాయి ఉక్కు కర్మాగారంలో 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. ఉపాధి కోసం అక్కడికి వచ్చి స్థిరపడినవారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. టౌన్‌షిప్ వెలుపల విస్తరించిన సుపేలా వంటి రద్దీ ప్రాంతాల్లో, ఒకే గదిలో నలుగురైదుగురు నిద్రించే ఇళ్లలో, పిల్లల గొంతునొప్పిని తేలిగ్గా తీసుకోరాదు. రుమాటిక్ గుండె జబ్బుకు మూలం అక్కడే ఉంది.

స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా 5 నుంచి 15 ఏళ్ల పిల్లల గొంతుకు ఎక్కువగా సోకుతుంది. సరైన చికిత్స అందకపోతే కొందరిలో రెండు, మూడు వారాల తర్వాత జ్వరం, కీళ్లనొప్పులు మొదలవుతాయి. సూక్ష్మక్రిమిపై పోరాడవలసిన రోగనిరోధక వ్యవస్థ గుండె కవాటాలపైనే దాడి చేస్తుంది. ‘కీళ్లవాతం’ అనగానే వృద్ధాప్యం స్ఫురించడం వల్ల పిల్లల విషయంలో ఈ పేరే తప్పుదారి పట్టిస్తుంది. కీళ్లనొప్పులు తగ్గిపోతాయి, కవాటాల నష్టం మాత్రం ఏళ్ల తరబడి మౌనంగా కొనసాగుతుంది. అనేకమంది స్త్రీలలో గర్భధారణ సమయంలో ఆయాసం వచ్చినప్పుడే ఇది బయటపడుతోంది.

తొలిదశలో కవాటం నుంచి రక్తం స్వల్పంగా వెనక్కి కారుతున్నా స్టెతస్కోపుకు శబ్దం వినిపించకపోవచ్చు. ఎకోకార్డియోగ్రఫీ, అంటే వాడుకలో ‘టూడీ ఎకో’, ధ్వని తరంగాలతో కవాటాల కదలికను, డాప్లర్ రంగులతో రక్తప్రవాహాన్ని తెరపై చూపుతుంది. రేడియేషన్ ఉండదు. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో కాంబోడియా, మొజాంబిక్ పాఠశాలల పిల్లలకు రెండు విధాలా పరీక్షలు చేశారు. కాంబోడియాలో 3,677 మందిలో వైద్యుల సాధారణ పరీక్షకు దొరికిన కేసులు 8 మాత్రమే. ఎకోకు 79 దొరికాయి.

గుర్తించినంత మాత్రాన ప్రయోజనమేమిటన్న ప్రశ్నకు ఉగాండాలో 818 మంది పిల్లలు, కౌమారులపై జరిపిన పరీక్ష 2022లో సమాధానమిచ్చింది. రెండేళ్లపాటు నాలుగు వారాలకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 0.8 శాతం మందికే జబ్బు ముదిరింది. తీసుకోనివారిలో అది 8.2 శాతం. అయితే ఇంజెక్షన్ లేకున్నా ఎక్కువ మందిలో జబ్బు ముదరలేదన్నదీ ఇదే లెక్క చెబుతోంది. అందుచేత చేతిలో ఇమిడే చిన్న ఎకో యంత్రంలో అనుమానం కనిపిస్తే, పూర్తిస్థాయి ఎకోతో నిర్ధారించిన తర్వాతే చికిత్స నిర్ణయించాలి.

ప్రపంచ ఆరోగ్య సభ 2018లో ఈ జబ్బుపై తీర్మానం ఆమోదించింది. భారత్‌లో 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలోనూ ఇది ఉంది. కానీ ఆ కార్యక్రమంలో పాఠశాలల్లో జరిగే తొలి పరీక్ష ఎకో కాదు. లక్షణాలు చూసి అనుమానితులను పై ఆసుపత్రికి పంపడమే. శబ్దం వినిపించని దశలో ఉన్న పిల్లలు ఈ వడపోతలోనే జారిపోయే ప్రమాదం ఉంది. గొంతునొప్పి తర్వాత ఒక కీలు నుంచి మరో కీలుకు మారే నొప్పులు, జ్వరం వచ్చిన పిల్లలకు ఎకో అవసరమేమో వైద్యుడిని అడగడం తల్లిదండ్రుల చేతిలోని పని.