మీకు తెలుసా? మాచనూరు ఆడవాళ్ల రేడియో

2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గరి మాచనూరులో 90.4 ఎఫ్‌ఎంపై ‘సంఘం రేడియో’ ప్రసారాలు మొదలయ్యాయి. నడిపేది మహిళా సంఘాల్లోని దళిత స్త్రీలే. నిజానికి స్టూడియో 90ల చివర్లోనే, యునెస్కో సాయంతో సిద్ధమైంది. కానీ స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతులిచ్చే విధానం 2006 దాకా రాలేదు. అన్నేళ్లూ ఆ మహిళలు చేతులు ముడుచుకు కూర్చోలేదు. పాటలు, పంటల ముచ్చట్లు రికార్డు చేసి, సంఘం సమావేశాల్లో క్యాసెట్లు వినిపించారు.

ఈ సంఘాల వెనుక ఉన్నది 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ. రేడియో కన్నా గొప్ప పని ఒకటి వీళ్లు 1990లలోనే చేశారు. పడావు పడ్డ పొలాలు మళ్లీ దున్నుకోవడానికి రైతులకు అప్పులిచ్చారు. బాకీ రూపాయల్లో కాదు, జొన్నల్లో కట్టించుకున్నారు. ఆ జొన్నలను ఊళ్లోనే దాచి, పనులు దొరకని నెలల్లో నిరుపేదలకు చౌకగా అమ్మారు. ఎవరు ఎంత పేదో ఏ ఆఫీసూ తేల్చలేదు, ఊరే కూర్చుని తేల్చింది. రేషన్ బియ్యం కోసం ఎదురుచూడాల్సిన చోట, తమ నేల మీద పండిన తిండినే పంచుకున్నారన్నమాట!

విత్తనాలదీ అదే దారి. కొర్ర, సామ, జొన్న విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాస్తారు. విత్తనాలు అప్పుగా తీసుకున్నవాళ్లు పంట చేతికొచ్చాక తీసుకున్నదానికన్నా ఎక్కువ కొలిచిస్తారు. ఏటా సంక్రాంతి రోజుల్లో ఆ విత్తనాలు ఎడ్లబండ్లెక్కి పాత పంటల జాతరగా ఊరూరా తిరుగుతాయి. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ‘ఈక్వేటర్ ప్రైజ్’ ఇచ్చింది.