నివాసం – నివాసకాలం: విద్యార్థి వసతిగృహం నుంచి రసాయన ఇంజనీరింగ్ దాకా – ఒక పరిశోధనా పద్ధతి పరిశీలన

వ్యాససంగ్రహం:
వసతిగృహాలపై పరిశోధన చేసేవారు సాధారణంగా ప్రశ్నావళితో వసతిగృహానికి వెళ్లి, ఆనాడు అక్కడున్న విద్యార్థులను ప్రశ్నిస్తారు. అంతకుముందే వెళ్లిపోయినవారు ఈ సమాచారంలోకి రారు. రసాయన ఇంజనీరింగ్‌లో ‘నివాసకాలం’ అనే భావన ఇటువంటి సమస్యనే గణితపరంగా పరిష్కరించింది. ఆ భావనను పరిచయం చేసి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల విద్యార్థి నివాసాన్ని అధ్యయనం చేసేవారికి అది ఎలా ఉపకరిస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నివాసం, వసతిగృహం, నివాసకాలం, స్థానికత, నమూనా ఎంపిక, పరిశోధనా పద్ధతి.

1. ప్రవేశిక:
తెలుగులో ఉండటాన్ని తెలిపే పదాలు చాలా ఉన్నాయి. నివాసం, ఆవాసం, వసతి అనేవి సంస్కృత ‘వస్’ ధాతువు నుంచి వచ్చినవి. మకాం, మజిలీ అరబ్బీ మూలం నుంచి వచ్చి తెలుగులో స్థిరపడ్డాయి. కాపురం, బస, విడిది అనేవి వ్యవహారంలో నిత్యం వినబడే మాటలు. ఇవన్నీ చోటును సూచిస్తున్నట్లు కనిపించినా ప్రతి పదంలోనూ కాలం ఇమిడి ఉంది. పెళ్లివారికి ఇచ్చేది విడిది. దానిని కాపురం అనం. అధికారి రెండు రోజులు మకాం వేస్తాడు. అది నివాసం కాదు. ఎక్కడ ఉన్నారన్నదానితోపాటు ఎంతకాలం ఉన్నారన్నది కూడా ఈ పదాల అర్థాన్ని నిర్ణయిస్తున్నది. వ్యవహర్త సహజంగా పాటించే ఈ భేదాన్ని పరిశోధకులు తరచు విస్మరిస్తున్నారు. ఫలితంగా ‘వసతిగృహ విద్యార్థి’ అనే ఒకే గడిలో నెల ఉన్నవారూ మూడేళ్లు ఉన్నవారూ చేరిపోతున్నారు.

2. క్షేత్ర నేపథ్యం:
పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగంలోని ఈ మూడు పట్టణాలు నివాసాన్ని అధ్యయనం చేయడానికి అనువైన క్షేత్రాలు. మదనపల్లెలో అనీబిసెంటు 1915లో దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పారు. ఆ పట్టణ సమీపంలోని రిషీవ్యాలీ పాఠశాల ఆవాస విద్యకు ప్రసిద్ధి పొందింది. ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయంలో రోగులు నెలల తరబడి ఉండి చికిత్స పొందేవారు. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మూడు రాష్ట్రాలు కలిసే ప్రాంతం కావడంతో కుప్పం పరిసరాల విద్యార్థికి చదువు ఒక రాష్ట్రంలో, ఇల్లు మరొక రాష్ట్రంలో ఉండటం అసాధారణం కాదు. పుంగనూరు నుంచి బస్సులో మదనపల్లెకు వెళ్లి చదువుకొని సాయంత్రానికి ఇల్లు చేరే విద్యార్థిది మరొక తరహా. వసతిగృహంలో ఉండేవారు, అద్దె గదిలో ఉండేవారు, రోజూ వెళ్లివచ్చేవారు అనే మూడు వర్గాలూ ఈ ప్రాంతంలో ఉన్నాయి. ఒకే విద్యార్థి మూడేళ్లలో ఈ మూడు వర్గాల్లోకీ మారే వీలుంది.

3. నియమాలలో నివాసం:
విద్యా నియమాలు నివాసాన్ని కాలంతోనే కొలుస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యాసంస్థల ప్రవేశాలకు సంబంధించిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు స్థానిక అభ్యర్థులకు 85 శాతం సీట్లు కేటాయించింది. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు విద్యా సంవత్సరాలు వరుసగా స్థానిక ప్రాంతంలో చదవడం, లేదా నివసించడం, స్థానికతకు ప్రధాన ప్రమాణమైంది. ఇక్కడ ‘వరుసగా’ అనే మాట కీలకం. మొత్తం నాలుగేళ్లు ఉన్నా మధ్యలో తెగిపోతే ఆ ప్రమాణం నెరవేరదు. సరిహద్దు దాటి చదివిన కుప్పం ప్రాంతపు విద్యార్థికి ఈ ఒక్క మాట ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనలు పిహెచ్.డి.కి కోర్సువర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, సాధారణంగా గరిష్ఠం ఆరేళ్లు అని నిర్దేశించాయి. ఒక నియమం కనిష్ఠాన్ని, మరొకటి గరిష్ఠాన్ని, వేరొకటి అవిచ్ఛిన్నతను చూస్తున్నది. సగటును మాత్రం ఏ నియమమూ అడగడం లేదు. పరిశోధన వ్యాసాలలో ఎక్కువగా కనిపించేది మాత్రం సగటే.

4. రసాయన ఇంజనీరింగ్‌లో నివాసకాలం:
రసాయన కర్మాగారంలోని పాత్రలోకి ఒకవైపు నుంచి ద్రవం వస్తూ, మరొకవైపు నుంచి పోతూ ఉంటుంది. ఒక ద్రవకణం లోపల గడిపిన కాలాన్ని నివాసకాలం అంటారు. పాత్ర పరిమాణాన్ని ప్రవాహ రేటుతో భాగిస్తే సగటు నివాసకాలం వస్తుంది. 1,000 లీటర్ల పాత్రలోకి నిమిషానికి 10 లీటర్ల ద్రవం వస్తుంటే, అంతే పోతుంటే, సగటు 100 నిమిషాలు. అయితే ప్రతి కణమూ 100 నిమిషాలు ఉండదు. సంపూర్ణంగా కలియబెట్టే పాత్రలో దాదాపు 63 శాతం ద్రవం 100 నిమిషాల లోపే బయటికి పోతుంది. దాదాపు 5 శాతం 300 నిమిషాలు దాటినా లోపలే ఉంటుంది. అంటే సగటు కాలం పూర్తిగా ఉన్న కణాలు అల్పసంఖ్యాకమే.

అందుకే ఇంజనీర్లు సగటుతో ఆగరు. ప్రవేశద్వారం వద్ద కొంత రంగునో లవణాన్నో ఒక్కసారిగా కలిపి, నిర్గమద్వారం వద్ద అది ఎప్పుడెప్పుడు ఎంతెంత వస్తున్నదో కొలుస్తారు. దాని నుంచి నివాసకాల వితరణ తెలుస్తుంది. 1953లో పి.వి. డాంక్‌వర్ట్స్ ప్రచురించిన పత్రం ఈ భావనకు స్పష్టమైన సిద్ధాంతరూపం ఇచ్చింది. ఆయన రెండు వయస్సులను వేరుచేశారు. పాత్రలో ఇప్పుడున్న కణాలు వచ్చి ఎంతసేపయిందో తెలిపేది అంతర్వయస్సు; బయటికి పోతున్న కణాలు మొత్తం ఎంతసేపు ఉన్నాయో తెలిపేది నిష్క్రమణ వయస్సు. ఈ రెండింటి వితరణలూ సాధారణంగా వేరువేరుగా ఉంటాయి.

పాల శుద్ధి దీనికి మనకు దగ్గరి ఉదాహరణ. పాలను 72 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 సెకన్లు ఉంచే పద్ధతిలో, సగటున 15 సెకన్లు ఉంటే చాలదు. గొట్టంలో అన్నింటికంటే వేగంగా పోయే కణం కూడా 15 సెకన్లు ఉండాలి. గుండ్రటి గొట్టంలో సాఫీగా సాగే ప్రవాహానికి నడిమి వేగం సగటు వేగానికి రెట్టింపు ఉంటుంది. సగటును నమ్ముకుంటే కొన్ని పాలు సగం కాలంలోనే దాటిపోతాయి. ఏ కొలత కావాలో ప్రయోజనాన్ని బట్టి నిర్ణయించుకోవాలన్నది ఇక్కడి పాఠం.

5. వసతిగృహానికి అన్వయం:
ఒక ఊహాత్మక వసతిగృహాన్ని తీసుకుందాం. నెలకు 10 మంది చేరుతారు. వారిలో ఐదుగురు ఒక నెల ఉండి వెళ్లిపోతారు. మిగిలిన ఐదుగురు 11 నెలలు ఉంటారు. ఈ క్రమం చాలాకాలంగా సాగుతుంటే, ఏ రోజు చూసినా లోపల 60 మంది ఉంటారు: స్వల్పకాలికులు ఐదుగురు, దీర్ఘకాలికులు 55 మంది.

చేరికల, నిష్క్రమణల రిజిస్టరు ప్రకారం సగటు నివాసం 6 నెలలు. 60 మందిని నెలకు 10తో భాగించినా అదే వస్తుంది. పాత్ర సూత్రం మనుషులకూ వర్తిస్తున్నది. కాని ఒకరోజు వెళ్లి అందరినీ కలిసి, వారు వెళ్లేదాకా ఆగి లెక్కిస్తే సగటు 10 నెలలు దాటుతుంది. ఆ రోజే ‘మీరు చేరి ఎంతకాలమైంది?’ అని అడిగితే సగటు 5 నెలలే వస్తుంది. వసతిగృహం ఒక్కటే, లెక్కలు మూడు. మూడూ సరైనవే, అవి జవాబిచ్చే ప్రశ్నలు వేరు.

అసలు ప్రమాదం సగటులో లేదు. చేరినవారిలో సగంమంది నెలకే వెళ్లిపోతున్నా, సర్వేలో వారి వాటా దాదాపు 8 శాతమే. భోజనం బాగుందా, భద్రత ఉందా, భాష ఇబ్బంది ఉందా అన్న ప్రశ్నలకు జవాబులు ప్రధానంగా నిలదొక్కుకున్నవారివే అవుతాయి. మెస్ బిల్లు కట్టలేకనో, కులవివక్ష భరించలేకనో, ఒంటరితనంతోనో వెళ్లిపోయినవారి మాట నమోదు కాదు. ‘అధికశాతం విద్యార్థులు సంతృప్తిగా ఉన్నారు’ అనే నిర్ధారణ అప్పుడు వసతిగృహం గుణాన్ని కాక, అధ్యయనానికి ఎన్నుకున్న పద్ధతిని చూపుతుంది. సాంఘిక సంక్షేమ వసతిగృహాలపై సమర్పించే నివేదికలలో ఇటువంటి పొరపాటు దొర్లితే దాని మూల్యం చెల్లించేది తర్వాత చేరే విద్యార్థులే.

ఈ పోలికకు పరిమితులున్నాయి. వసతిగృహాలలో చేరికలు ఏడాది పొడవునా కాక విద్యా సంవత్సరారంభంలో జరుగుతాయి కనుక పై లెక్క యథాతథంగా వర్తించదు. పైగా ద్రవకణానికి నిర్ణయం లేదు, విద్యార్థికి ఉంది. స్వల్పనివాసం ఎప్పుడూ వైఫల్యం కూడా కాదు. 1919లో మదనపల్లెలో రవీంద్రనాథ ఠాకూరు ఉన్నది కొద్దికాలమే. ‘జనగణమన’కు ఆయన ఆంగ్లానువాదం రూపుదిద్దుకున్నది ఆ బసలోనే.

6. నివాసాన్ని పరీక్షించిన ఒక అధ్యయనం:
నివాసం ప్రభావాన్ని ఊహించడం వేరు, పరీక్షించడం వేరు. క్షయరోగికి చికిత్సాలయంలో ఉండటం తప్పనిసరి అని చాలాకాలం భావించారు. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ రసాయన చికిత్సా కేంద్రం రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ఇంటివద్ద, మరొక వర్గానికి చికిత్సాలయంలో ఒకే మందులు ఇచ్చింది. సరైన మందులు అందితే ఇంటివద్ద చికిత్స కూడా దాదాపు సమాన ఫలితమిస్తుందని 1959లో ప్రచురితమైన ఆ అధ్యయనం చూపింది. వెళ్లిపోయినవారిని లెక్కలోంచి జారిపోనివ్వకుండా ఇరువర్గాలనూ మొదటినుంచి అనుసరించడం వల్లనే ఆ నిర్ధారణకు బలం వచ్చింది.

7. ఉపసంహారం:
- నివాసంపై పరిశోధన చేసేవారు ‘ఎక్కడ’తోపాటు ‘ఎంతకాలం’, ‘ఎడతెగకుండానా’ అనే ప్రశ్నలను కూడా నిర్వచనంలో చేర్చాలి.
- ప్రస్తుత నివాసుల సర్వేతో ఆగక, ఒక విద్యా సంవత్సరంలో చేరిన వారందరి జాబితా రిజిస్టరు నుంచి తీసుకొని, వెళ్లిపోయినవారిని కూడా వారి అంగీకారంతో, పేర్లు గోప్యంగా ఉంచి ప్రశ్నించాలి.
- సగటుతోపాటు మొదటి నెల, మొదటి అర్ధసంవత్సరం, ఏడాది చివర ఎంతమంది మిగిలారో విడివిడిగా చూపాలి.
- వసతిగృహం, అద్దె గది, రోజువారీ రాకపోకల మధ్య జరిగే మార్పులను వేరుగా నమోదు చేయాలి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం కళాశాలల్లో ఈ పనికి పెద్ద నిధులు అవసరం లేదు. చేరికల రిజిస్టరు, ఫోను, ఓపిక చాలు. ఖాళీ అయిన మంచం ఎవరిదో, వారు ఎందుకు వెళ్లారో తెలుసుకున్న తర్వాతే ఆ వసతిగృహం గురించి నిర్ధారణకు రావడం సమంజసం.