డాలర్ల దేశంలో పేదవాళ్ళు ఎందుకున్నారు?

అమెరికా అనగానే మనం ముందు చేసే పని గుణకారం. అక్కడి జీతాన్ని రూపాయల్లోకి మార్చి "అబ్బో, ఎన్ని లక్షలో!" అనుకుంటాం. కానీ డాలర్లలో సంపాదించేవాడు ఇంటద్దె కట్టేదీ, పాలు, మందులు కొనేదీ డాలర్లలోనే. ఆ సంగతి మరచిపోతాం.

అందుకే వాళ్ళ లెక్క వాళ్ళ డబ్బులోనే చూద్దాం. అక్కడ కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జులై నుండి అది పెరగలేదు. సగానికి పైగా రాష్ట్రాలు అంతకంటే ఎక్కువ నిర్ణయించుకున్నాయి గాని, మిగతా చోట్ల ఇదే లెక్క. ఒక తల్లి వారానికి 40 గంటల చొప్పున ఏడాది పొడవునా నాగా లేకుండా పనిచేసినా ఆమెకు వచ్చేది 15,080 డాలర్లు. తల్లీబిడ్డా ఇద్దరే ఉన్న ఇంటికి 2024లో ప్రభుత్వం గీసిన దారిద్ర్యరేఖ 20,440 డాలర్లు. అంటే ఆమె సోమరి కాదు. రోజంతా కష్టపడి కూడా పేదరాలే.

మరి సంపద ఎక్కడుంది? దేశ సంపదలో దాదాపు 30 శాతం పైనున్న ఒక్క శాతం కుటుంబాల చేతుల్లో ఉంది. కిందనున్న సగం కుటుంబాలన్నిటికీ కలిపి 3 శాతం కూడా లేదు. అక్కడి కేంద్ర బ్యాంకు 2023లో చేసిన సర్వేలో, అనుకోకుండా 400 డాలర్ల ఖర్చు వస్తే చేతిలోని డబ్బుతో పూర్తిగా కట్టలేమని నూటికి 37 మంది చెప్పారు. కారు చెడిపోయినా, పిల్లవాడికి జబ్బు చేసినా వాళ్ళకు అప్పే దిక్కు. చాలామందికి ఆరోగ్య బీమా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. పని పోతే జీతంతో పాటు ఆ ధీమా కూడా పోతుంది.

ఇది తలరాతా? కాదని వాళ్ళ అనుభవమే చెబుతోంది. కోవిడ్ కాలంలో, 2021 జులై నుండి డిసెంబరు వరకు, చాలా కుటుంబాలకు ఆరేళ్ళలోపు బిడ్డకు నెలకు 300 డాలర్లు, పెద్ద పిల్లలకు 250 డాలర్ల చొప్పున ప్రభుత్వం అందించింది. దీనితో, ఇతర సహాయాలతో కలిపి, పిల్లల్లో పేదరికం ఆ ఏడాది 5.2 శాతానికి తగ్గింది. ప్రభుత్వ సాయాన్ని కూడా ఆదాయంగా లెక్కించే కొలత ఇది. ఆ పథకాన్ని పొడిగించలేదు. 2022లో అదే కొలత ప్రకారం పేదరికం 12.4 శాతానికి చేరింది. ఒక్క ఏడాదిలో తల్లిదండ్రులు బద్ధకస్తులైపోలేదు. మారింది ప్రభుత్వ నిర్ణయం.

1964లో పేదరికంపై యుద్ధం ప్రకటించిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్, యువకుడిగా 1928లో టెక్సాస్‌లోని కొటుల్లా అనే ఊళ్ళో మెక్సికన్ కుటుంబాల పిల్లలకు పాఠాలు చెప్పాడు. తన విద్యార్థులు పొద్దున ఏమీ తినకుండా బడికి వచ్చేవారని తరువాత పార్లమెంటు ముందు గుర్తుచేసుకున్నాడు. ఖాళీ కడుపుతో పాఠం ఎక్కదని మనకెవరూ చెప్పనక్కర్లేదు.

మన హాస్టల్ మెస్ చార్జీలు కూడా బడ్జెట్‌లో ఒక పద్దే. అది దానం కాదు, ఒక నిర్ణయం. నిర్ణయంతో వచ్చినది మరో నిర్ణయంతో పోవచ్చు. కాబట్టి తమ్ముళ్ళూ, ప్రతి ఏటా బడ్జెట్ వచ్చిన రోజు పేపర్లో సంక్షేమ శాఖ అంకె ఎంతో వెతికి చదవండి. నిరుటి అంకె పక్కన పెట్టి చూడండి.