లాంచీ సీటుకు పోయిన రంగు మళ్లీ వస్తుందా?

పాపికొండలు చూడడానికి మా తొమ్మిదో తరగతి పిల్లలతో గోదావరి మీద లాంచీలో వెళ్లాను. పై అంతస్తులో నీలం, తెలుపు రెక్సిన్ సీట్లున్నాయి. కప్పు కింద నీడలో ఉన్న నీలం సీట్లు నిగనిగలాడుతున్నాయి. ఎండ పడే అంచున ఉన్నవి మాత్రం పాలిపోయాయి; చేత్తో రాస్తే తెల్లని పొడి అంటుకుంటోంది. ఒక తెల్ల సీటు మీద ఎవరో తిన్న పులిహోర తాలూకు పసుపు మరక ఉంది. ఇంకొక దాని మీద, లోపలి నుంచి ఉబికి వచ్చినట్లు గులాబిరంగు మచ్చలు. లాంచీ కుర్రవాడొకడు పెట్రోలులో ముంచిన గుడ్డతో ఆ మచ్చల్ని తోముతున్నాడు. అదివరకు అలా తోమిన పక్క సీటు బిరుసెక్కి పగుళ్లు విచ్చి ఉంది.

అతను చేస్తున్న పొరపాటేమిటో తెలియాలంటే సీటు దేనితో తయారైందో తెలియాలి. ఒకప్పుడు ఇంగ్లండులో తయారైన ఒక కృత్రిమ తోలు పేరు రెక్సిన్. దానికి నైట్రోసెల్యులోజు పూత ఉండేది. ఈనాడు మనం రెక్సిన్ అంటున్నది చాలావరకు వినైల్, అంటే గుడ్డ మీద పరిచిన పాలీవినైల్ క్లోరైడు పొర. క్లుప్తంగా పి.వి.సి. అందాం. ఇళ్లలోని నీటి గొట్టాలూ పి.వి.సి.వే కదా! గొట్టం బిరుసుగా, సీటు మెత్తగా ఎందుకున్నాయి?

1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం వెతుకుతూ, పి.వి.సి.ని తేలికగా ఆవిరికాని ఒక ద్రవంలో వేడిచేశాడు. జిగురు రాలేదు గాని, చల్లారాక రబ్బరులా సాగే ముద్ద వచ్చింది. గొలుసుల్లాంటి పొడవాటి అణువుల నడుమ ఆ ద్రవం చేరి, అవి ఒకదాని మీద ఒకటి జారేటట్లు చేసిందన్నమాట. ఇలాంటి ద్రవాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. మెత్తని వినైల్ బరువులో మూడోవంతు దాకా ఇదే ఉండవచ్చు. పెట్రోలు, కిరసనాయిలు, థిన్నర్ దీన్ని కరిగించి బయటికి లాగేస్తాయి. సీటు బిరుసెక్కేది అందుకే. పైగా లాంచీలో పెట్రోలు గుడ్డ నిప్పుతో చెలగాటమే.

మామూలు మురికి అయితే సబ్బునీళ్లు, మెత్తని బ్రష్షు చాలు. పసుపు మరక అలా పోదు. పసుపులోని కుర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. ప్లాస్టిసైజర్ కూడా నూనెవంటిదే గనుక పసుపు వినైల్‌లోకి దిగిపోతుంది. కానీ కుర్కుమిన్ వెలుగుకు తాళలేదు. తెల్ల రెక్సిన్ ముక్క మీద నూనెలో కలిపిన పసుపు రాసి, ఒక గంట తర్వాత తుడిచి, సగానికి నల్లకాగితం చుట్టి ఎండలో పెట్టండి. రోజూ కాగితం విప్పి రెండు సగాలను పోల్చి చూడండి.

గులాబి మచ్చల కథ వింతైనది. సీటు లోపలి స్పాంజి తడిసి ఆరకుండా ఉంటే స్ట్రెప్టోమైసిస్ వంటి కొన్ని సూక్ష్మజీవులు అక్కడ పెరిగి, గులాబి వర్ణకాన్ని తయారుచేస్తాయి. అదీ ప్లాస్టిసైజర్‌లో కరుగుతుంది. అలా వినైల్‌లోకి ఇంకి మెల్లగా పైకి వస్తుంది. మచ్చ పైన కనబడుతుంది, కారణం కింద ఉంటుంది! పైన ఎంత తోమినా ఏం లాభం? సీటు విప్పి స్పాంజి ఆరబెట్టాలి, లేదా మార్చాలి. బ్లీచింగ్ పౌడరు అక్కడి దాకా చేరదు. దాన్ని ఆమ్లమున్న మరుగుదొడ్డి ద్రావకంతో మాత్రం ఎన్నడూ కలపకండి, విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

ఇక ఎండలో పాలిపోయిన సీటు. అతినీలలోహిత కిరణాలు పి.వి.సి. గొలుసు నుంచి హైడ్రోజన్ క్లోరైడును ఊడగొడతాయి. ఆ చోట కార్బన్ పరమాణువుల మధ్య ద్విబంధం ఏర్పడుతుంది. ఒకటి విడిచి ఒకటిగా ఏడెనిమిది ద్విబంధాలు వరుసగా చేరితే ఆ భాగం నీలికాంతిని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. తెల్ల సీట్లు పచ్చబడి గోధుమరంగుకు తిరిగేది ఇందువల్లనే. రంగు సీట్లలో వర్ణకం కూడా చెడుతుంది. పైపొర అరిగి లోపలి తెల్లపొడి బయటపడుతుంది.

కొబ్బరినూనె రాస్తే రంగు తిరిగి వచ్చినట్లుంటుందని కొందరంటారు. నిజమే, ఒక పూట ఉంటుంది. గరుకు తలం వెలుతురును అన్ని వైపులకూ వెదజల్లి పాలిపోయినట్లు కనిపిస్తుంది. నూనె ఆ గుంటలను నింపుతుంది. తడి ఇసుక ముదురుగా కనిపించడం మీరు చూసే ఉంటారు, ఇదీ అలాంటిదే. తర్వాత ఆ జిడ్డుకు దుమ్ము పడుతుంది.

చెడిన అణువును కడిగి బాగుచేయలేం, దాని మీద కొత్త పొర వేయగలం. వినైల్ కోసమే తయారుచేసిన రంగులో వర్ణకంతో పాటు వంగే రెసిన్ ఉంటుంది. కొన్నిటిలోని ద్రావణి వినైల్ పైపొరను కాస్త మెత్తబరచి రంగు పట్టుకునేటట్లు చేస్తుంది. ముందు జిడ్డంతా పోగొట్టి పూర్తిగా ఆరనివ్వాలి. గాలి ఆడేచోట పలచగా పూసి, ఆరాక మళ్లీ పూయాలి. ఒకేసారి దట్టంగా పూస్తే పొర పెచ్చులూడుతుంది. తలుపులకు వేసే ఎనామిల్ పనికిరాదు. మనిషి కూర్చున్నప్పుడల్లా సీటు వంగుతుంది, ఎనామిల్ చిట్లుతుంది. లేదా కింది నుంచి ప్లాస్టిసైజర్ చేరి జిగటగా తయారై బట్టలకు అంటుకుంటుంది.

పగుళ్లు విచ్చిన సీటుకు ఏ రంగు వేసినా పగులు పగులుగానే ఉంటుంది. లాంచీ కుర్రవాడు పెట్రోలుతో తోమిన ఆ సీటుకు కొత్త రెక్సిన్ కుట్టించవలసిందే.