నూనెకు దారి విడిచే రేకులు

మొన్న సస్పెన్షన్ పాఠం చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు. "సార్, స్పోర్ట్స్ కారంటే గట్టిగా ఉండాలి కదా. నడుం కదిలిపోకపోతే అది రోడ్డును పట్టుకున్నట్టు ఎలా?" క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ఆ ప్రశ్న బాగా నచ్చింది. కారు సస్పెన్షన్ మార్పించుకునే వాళ్లలో చాలామంది డబ్బు పోగొట్టుకునేది సరిగ్గా ఈ నమ్మకం దగ్గరే.

వర్క్‌షాపులో నిలువునా కోయించి పెట్టిన పాత షాక్ అబ్జార్బర్ ఒకటుంది. తెచ్చి బల్ల మీద పెట్టాను. అసలు దాని పేరే తప్పు. గుంత దెబ్బను మింగేది స్ప్రింగు. మింగినదాన్ని అది దాచుకోదు, వెంటనే తిరిగి తోస్తుంది, దాంతో కారు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును నూనెలో వేడిగా మార్చి అణిచేది ఈ గొట్టం. బ్రిటిష్ ఇంజనీర్లు దీన్ని డంపర్ అంటారు. సరైన పేరు అదే.

స్ప్రింగు సంగతి ఒక చిన్న లెక్కలో తేలిపోతుంది. కారు బరువుకు సస్పెన్షన్ 25 సెంటీమీటర్లు అణిగేంత మెత్తనిదైతే, ఆ కారు సెకనుకు ఒక్కసారి ఊగుతుంది. 6 సెంటీమీటర్లే అణిగితే రెండుసార్లు. మామూలు కార్లు మొదటి అంకెకు దగ్గరగా, స్పోర్ట్స్ కార్లు రెండో దానికి దగ్గరగా ఉంటాయి. మన ఒంటికి బొత్తిగా పడని నిలువు కుదుపులు సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవి. స్ప్రింగును బిగించేకొద్దీ రోడ్డు మీది ఆ కుదుపులు వడపోత లేకుండా సీటుకు చేరతాయి. పైగా గతుకుల రోడ్డు మీద టైరు ఎగిరిపడుతుంది. గాల్లో ఉన్న టైరుకు పట్టెక్కడిది? నడుం నొప్పి పట్టుకు రుజువు కాదు.

అయితే మలుపులో కారు ఒరగకుండా, బ్రేకు వేస్తే ముక్కు దించకుండా ఆపేదెవరు? ఇక్కడే ఆ గొట్టంలోని పిస్టన్‌ను దగ్గరగా చూడాలి. నూనె ఒట్టి రంధ్రంలోంచి పోవాల్సి వస్తే, పిస్టన్ వేగం రెట్టింపైనప్పుడు ఎదురుబలం నాలుగు రెట్లవుతుంది. స్టీరింగు తిప్పినప్పుడు పిస్టన్ సెకనుకు ఏ 5 సెంటీమీటర్లో కదులుతుంది. గుంత అంచు తగిలితే సెకనుకు మీటరు దాకా పోతుంది. వేగం 20 రెట్లు, అంటే ఎదురుబలం 400 రెట్లు! మలుపుకు సరిపోయేలా రంధ్రం చేస్తే గుంతలో డంపర్ ఇనుపకడ్డీలా బిగుసుకుంటుంది. గుంతకు సరిపోయేలా చేస్తే మలుపులో కారు పడవలా ఊగుతుంది.

దీనికి విరుగుడు షిమ్‌లు. పిస్టన్ రంధ్రాల మీద బోర్లించిన గుండ్రటి పలచని ఉక్కు రేకులు, పెద్దదాని మీద చిన్నది, గోపురంలా. పిస్టన్ నెమ్మదిగా కదిలితే రేకులు మూసుకునే ఉంటాయి, నూనె సన్నటి సందులోంచి కష్టపడి పోతుంది, కారు నిలకడగా ఉంటుంది. గుంత తగలగానే ఒత్తిడి పెరిగి రేకుల అంచులు వంగుతాయి, నూనెకు దారి విడుస్తాయి. ఎదురుబలం పెరుగుతుంది గానీ ఎగబాకదు. మలుపును, గుంతను వేగాన్ని బట్టే వేరుచేసి, దేనికి ఇవ్వాల్సిన జవాబు దానికి ఇస్తుంది ఈ రేకుల దొంతర. నాకు తెలిసిన యాంత్రిక ఏర్పాట్లలో ఇంత అందమైనవి తక్కువ.

కుర్రాడి చేతిలో 0.1 మిల్లీమీటరు రేకులు రెండు, 0.2ది ఒకటి పెట్టి వంచమన్నాను. "రెండూ ఒకటే మందం కదా సార్" అంటూనే వంచాడు. వెంటనే ముఖం మారింది. రేకు బిగువు మందం ఘనంతో పెరుగుతుంది. 0.2 రేకు ఒక పలచని రేకుకు ఎనిమిదింతలు, జంట రేకులకు నాలుగింతలు గట్టిది. డంపర్ ట్యూనింగ్ చేసేవాళ్లు రోజంతా మార్చి మార్చి చూసేది ఇలాంటి తేడాలనే.

మెత్తటి స్ప్రింగులు, చక్రానికి బోలెడు కదలిక, అదుపంతా డంపర్ మీద. ఈ పద్ధతిని పండించినవాడు లోటస్ కార్ల రూపకర్త కోలిన్ చాప్‌మన్. 1962లో వచ్చిన ఆయన లోటస్ ఎలాన్ 700 కిలోలు కూడా తూగదు, గతుకుల ఇంగ్లీషు పల్లె రోడ్ల మీద హాయిగా పోతూనే మలుపులో చెప్పినట్టు వింటుంది. 1989లో మాజ్దా ఎంఎక్స్-5 ఆ ఎలాన్‌ను తలచుకునే పుట్టింది. ఇప్పుడు జనం అమితంగా మార్పులు చేసే కారు కూడా అదే. చాలామంది మొదట వేయించేది కారును కిందికి దించే పొట్టి స్ప్రింగులు. తొలి తరం ఎంఎక్స్-5లో చక్రం పైకి కదిలే జాగా అసలే తక్కువ. కారు దిగితే ఆ జాగా మరీ కరిగిపోయి, చిన్న గతుకుకే బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ తగులుతుంది. ఆ క్షణంలో స్ప్రింగు ఒక్కసారిగా ఎన్నో రెట్లు గట్టిపడినట్టే. మలుపు మధ్యలో అలా జరిగితే టైరు పట్టు చటుక్కున జారుతుంది. నన్నడిగితే ముందు మంచి డంపర్లు కొనమంటాను, స్ప్రింగుల జోలికి ఆ తర్వాతే, అదీ కాస్తంతే గట్టివి.

నూనెకు ఇంకో జబ్బుంది, నురగ. గాలి బుడగలు కలిస్తే ఎదురుబలం పోతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్ 1950లలో నూనె వెనక, తేలే పిస్టన్‌కు అవతల, వాయువును ఒత్తిడితో నింపి ఆ బుడగలను పుట్టనివ్వలేదు. ఆ పద్ధతి హక్కులు తీసుకున్న బిల్‌స్టైన్ కంపెనీ డంపర్లు 1957లో మెర్సిడెస్‌కు ఎక్కాయి.

తర్వాతి కథ చకచకా నడిచింది. 1987లో ఫార్ములా వన్ రేసు డ్రైవర్ సెన్నా మొనాకోలో గెలిచిన లోటస్‌లో కంప్యూటరు నడిపే యాక్టివ్ సస్పెన్షన్ ఉంది. 1994 నుంచి ఫార్ములా వన్ దాన్ని నిషేధించింది. 2002లో కాడిలాక్ సెవిల్ డంపర్లలో ఇనుప రేణువులు కలిపిన నూనె వచ్చింది. తీగచుట్టలో కరెంటు పారితే ఆ నూనె మిల్లీసెకన్లలో చిక్కబడుతుంది, వంగే రేకుల పనంతా ఇప్పుడు ఆ కరెంటుదే. ఇది చెప్పగానే కుర్రాడు చేతిలోని 0.2 రేకును మరోసారి వంచి చూసి, "మరి కరెంటు పోతే సార్?" అన్నాడు.