కుందూ ఒడ్డున వేగులవారు

కౌమారంలో ఉన్న పాఠకుల కోసం రాసే చారిత్రక నవలలకు యుద్ధకాలపు గూఢచర్యం ఇంగ్లీషులో బాగా అచ్చివచ్చిన వస్తువు. ఎలిజబెత్ వెయిన్ 2012లో వెలువరించిన ‘కోడ్ నేమ్ వెరిటీ’ నాజీల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో పట్టుబడిన యువతి కథ కాగా, అదే ఫ్రాన్సులో 1943లో బ్రిటన్ తరఫున రహస్య రేడియో నడిపి, మరుసటి ఏడు దాహావ్ నిర్బంధ శిబిరంలో హతురాలైన నూర్ ఇనాయత్ ఖాన్‌ది కల్పన అక్కరలేని జీవితం. నూర్ టిప్పు సుల్తాన్ వంశీకురాలు. టిప్పు తండ్రి హైదరాలీ 1779లో కడప నవాబును లొంగదీసి సిద్ధవటాన్ని పట్టుకున్నవాడు. అయితే తెలుగు రచయిత ఈ దూరపు చుట్టరికంతో సరిపెట్టుకోవలసిన పని లేదు.

వేగు తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. పరరాజ్యాల నుంచి తిరిగివచ్చిన చారులు అక్కడి సంగతులను రాయలకు విన్నవించే ఘట్టాలు ‘రాయవాచకము’లో ఉన్నాయి, ‘ఆముక్తమాల్యద’ రాజనీతి భాగంలో కృష్ణదేవరాయలు కూడా చారుల విషయం ప్రస్తావించాడు. ఇవి రాజాస్థానం వైపు నుంచి చూసిన చూపులు. పల్లె వైపు నుంచి చూడాలంటే పంతొమ్మిదో శతాబ్దానికి రావాలి.

ఈస్టిండియా కంపెనీ సేనలు అఫ్గానిస్తాన్‌లో యుద్ధంలో ఉన్న 1839లో, దక్కనులో తిరుగుబాటుకు కుట్ర జరుగుతోందన్న అనుమానం హైదరాబాదు నుంచి కర్నూలు దాకా పాకింది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు కూడబెడుతున్నాడన్న సమాచారంతో కోటలో ప్రవేశించిన కంపెనీ అధికారులకు మొదట పెద్దగా ఏమీ కనబడకపోయినా, గాలింపు సాగినకొద్దీ అంతఃపుర ప్రాంగణంలోనూ తోటల్లోనూ దాచిన ఫిరంగులు, గుండ్లు, మందుగుండు బయటపడ్డాయి. ఆ అక్టోబరులో కోటకు సమీపంలోని జొహరాపురం వద్ద జరిగిన పోరులో నవాబు పట్టుబడ్డాడు. తిరుచిరాపల్లికి తరలించాక 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. అన్ని ఫిరంగులు పోతపోసిన చోట కొలిమి తిత్తి ఊదిన కుర్రవాడైనా ఒకడు ఉండే ఉంటాడు. నవలాకారుడికి కావలసిన మనిషి వాడే.

దీనికన్నా లోతైన కథ ఏడేళ్ళ తర్వాత, అప్పట్లో కడప జిల్లాలో ఉన్న కోయిలకుంట్లలో నడిచింది. పాలెగాళ్ళు అంటే కొన్ని గ్రామాలపై అధికారం ఉండి, సొంత బలగం పోషించుకున్న స్థానిక నాయకులు. వారి అధికారాన్ని తొలగించి కంపెనీ భరణాలు ఇచ్చింది. అలాంటి పాలెగాళ్ళ వంశానికి చెందిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి దక్కింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. కట్టుబడులు అంటే ఊరి కాపలాకు ప్రతిఫలంగా మాన్యం భూమి అనుభవించే బంట్రోతులు. ఆ మాన్యాలనూ కంపెనీ వెనక్కు లాక్కోసాగింది. ఊరికి ఎవరు వచ్చారో, ఏ దారిన పోయారో తెలుసుకోవడమే వృత్తిగా బతికిన ఈ మనుషులు 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై పడిన నరసింహారెడ్డి వెంట నడవడంతో, కంపెనీ తన కళ్ళను తానే పోగొట్టుకుంది. కుందూ నది పారే ఈ ప్రాంతం రేనాడు; ఆ నల్లరేగడి మైదానంలో కొత్త మనిషి ఆమడ దూరం నుంచే కనబడతాడు. ఎర్రమల, నల్లమల కొండల్లో దాగినవారికి సంగటి ముద్ద చేరాలన్నా, ఏ వంకలో చెలమ తోడితే నీరు పడుతుందో తెలియాలన్నా ఊరి సాయం తప్పదు. అందుకే కంపెనీ ఒకవైపు తలకు వెల కట్టి, మరోవైపు రెడ్డి కుటుంబాన్ని కడపకు తరలించి నిర్బంధించింది. అక్టోబరులో పేరుసోముల కొండ ప్రాంతంలో ఆయన పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసి, తలను 1877 దాకా అక్కడే వేలాడదీశారు.

2019లో వచ్చిన ‘సైరా నరసింహారెడ్డి’ నాయకుడి కథను తెరకెక్కించింది. కౌమార నవల మాత్రం పదిహేనేళ్ళ కట్టుబడి కొడుకు నుంచి మొదలుకావాలి: తండ్రి మాన్యం పోయింది, కొండకు సంగటి మోసే దారి తనకు తెలుసు, ఆ దారి చెబితే బహుమతి దొరుకుతుందనీ తెలుసు. వాడు చెప్పినా చెప్పకపోయినా, నలభై ఆరేళ్ళు వచ్చేదాకా ఆ తలను చూస్తూ బతకాలి. ఇంత బరువైన ప్రశ్నను మోయగల శక్తి ఆ వయసు పాఠకులకు ఉంది, వారికి తేలిక చేసి చెప్పనక్కరలేదు. ఊళ్ళ స్థితిగతులకు కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతులు, అంటే గ్రామ చరిత్రల నమోదులు, కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ప్రచురణల్లో దొరుకుతాయి. రెడ్డి మీది జానపద గేయాలు రేనాటి పల్లెల్లో నిలిచే ఉన్నాయి.